పాదం మీది నాడి

ఆపరేషన్ అయ్యాక జయరాజ్ ఎవరి ఆసరా లేకుండా మొదటి అడుగు వేసింది శారమ్మను కొట్టడానికే.

పొద్దున లేస్తూనే బీడీ అడిగాడు. లేదంది. ఆ ఇంట్లో బీడీ లేదంటే నవ్వుతారు. గోడ పక్కన చాటలో నిన్న చుట్టిన కట్టలు పేర్చే ఉన్నాయి. జర్దా వాసన గోడలకు, దుప్పట్లకు, ఆమె చీరలకు ఎప్పుడో పట్టేసింది.

"గవి ఏంది మల్ల?" అన్నాడు నులకమంచంలోంచి.

"గవి కార్ఖానాకు పొయ్యేటివి. నిన్ను ముట్టద్దన్నరు గదా" అంది శారమ్మ. నానబెట్టిన తునికాకును కత్తెరతో కోస్తూ, తలెత్తకుండా అంది. తలెత్తి ఉంటే చూసేది.

జయరాజ్ రెండు చేతులతో మంచం పట్టె మీద బలం మోపి లేచాడు. గోడకు ఆనించిన చంకకర్రను అందుకున్నాడు గాని చంకలో పెట్టుకోలేదు, నడిమికి పట్టుకున్నాడు. ఎడమకాలు నేల మీద మోపాడు. రెండు వేళ్లు తీసేసిన ఆ పాదం బ్యాండేజీతో ఉబ్బి, గచ్చు మీద చప్పుడు లేకుండా పడింది. తర్వాత కుడికాలు. మళ్లీ ఎడమకాలు. నీడ మీద పడ్డాక శారమ్మ తల పైకెత్తింది. కర్ర అడ్డపట్టె సరిగ్గా ఆమె కనుబొమ్మ మీద దిగింది.

చాట ఎగిరి బోర్లా పడింది. జర్దా కళ్లలో కొట్టింది. రెండో దెబ్బ భుజం మీద. మూడో దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, మోచేతి ఎముక మీద కట్టె మోగింది. "మొగడు బీడీ అడిగితె ఇయ్యవా? మంచంల పడ్డడని ముదిరినవానే?" అంటూ నాలుగోసారి కర్ర ఎత్తాడు.

వాకిలి ఊడుస్తున్న సాయవ్వ చప్పుడు విని వచ్చి గడప మీద ఆగిపోయింది. కొడుకు ఇంటి నడుమ నిలబడి ఉన్నాడు. మంచం వెనకెక్కడో ఉంది. గోడ పట్టుకోలేదు, ఎవరి భుజమూ పట్టుకోలేదు. చేతిలో కర్ర ఉంది గాని అది నేలకు ఆని లేదు.

ముసలామె చేతిలోంచి చీపురు జారిపోయింది.

"నడిసినవా కొడుకా!" అంది. "ఓ ప్రభువా! నా కొడుకు నడిసిండు! నా కొడుకు లేసిండు!"

ఎత్తిన కర్రను జయరాజ్ మెల్లగా దించాడు. కిందికి, తన పాదాల వైపు చూసుకున్నాడు. తను అక్కడిదాకా ఎలా వచ్చాడో అప్పుడే తెలిసినట్టు అతని నోరు తెరుచుకుంది. సాయవ్వ పోయి కొడుకును వాటేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు చర్చి వాడలోని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పక్క గల్లీలో ఉండే ఏసుదానం పాస్టరు కూడా, గడ్డం సబ్బు తుడుచుకుంటూ వచ్చాడు. అందరూ జయరాజ్ చుట్టూ మూగారు. ఇంకోసారి నడువుమన్నారు. అతను నడిచాడు. చప్పట్లు కొట్టారు.

శారమ్మ మూలకు నిలబడి కొంగు కనుబొమ్మకు ఒత్తుకుంది. కొంగు తడిసి వేళ్ల సందుల్లోంచి రక్తం మణికట్టు దాకా కారింది. ఒకామె ఆమె వైపు తిరిగి, "నీ సేవ దేవుడు సూసిండే శారమ్మా" అంది. పాస్టరు కూడా ఆ రక్తం చూశాడు. ఒక్క క్షణం ఏదో అడగబోయినట్టే ఉన్నాడు. "జర పసుపు పెట్టుకో బిడ్డా" అని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. చచ్చిందనుకున్న కాలును బతికించిన దేవునికి స్తోత్రం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ శారమ్మ కూడా అంది.

* * *

సకీనా ఇంటి ముందు చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి. గానుగ సీజన్ ఆఖరి నెల. పొగగొట్టం బూడిద ఆరేసిన బట్టల మీద నల్లగా రాలుతోంది. మొలాసిస్ పులుపు వాసన గాలిలో ఆగి ఉంది. సకీనా కూడా బీడీలే చుడుతుంది. ఇద్దరూ ఒకే కార్ఖానాకు మాలు ఇస్తారు. ఆకు తెచ్చుకున్నా, జర్దా తక్కువైనా, మొగుడు కొట్టినా శారమ్మ వచ్చేది ఈ అరుగు మీదికే.

సకీనా గాయానికి పసుపు అద్ది, పాత దుపట్టా చింపి కట్టింది. ముడి వేసి లాగాక అంది.

"హైదరాబాద్ల ఆ దవాఖాన వరండాల పండుకున్నవు. నీ గాజులమ్మి మందులు తెచ్చినవు. ఆని కాలు నిలవెట్టినవు. ఎందుకు నిలవెట్టినవే అక్కా? తన్నిచ్చుకుందామనా?"

శారమ్మ చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చేతిలోకి తీసుకుంది. మోచెయ్యి వాచి వేళ్లు సరిగా వంగడం లేదు. చుట్టిన మొదటి బీడీ వదులై విప్పుకుపోయింది. రెండోది కూడా. మంచంలో ఉన్నన్నాళ్లూ కూడా జయరాజ్ కొట్టలేదని కాదు. దొడ్డికి డబ్బా పెట్టడానికి వంగితే మెడ దొరకబుచ్చుకునేవాడు. తుడుస్తుంటే వేళ్లు విరిచేవాడు. ఒకసారి వేడి గంజి మొహం మీదికి విసిరాడు. అయితే అప్పుడు అతని చెయ్యి ఎంత దూరం అందుతుందో ఆమెకు తెలుసు. పని కాగానే అంత దూరం జరిగి కూర్చునేది. పొద్దుటి నుంచి ఆ దూరం ఇల్లంతా అయింది.

"డాక్టరు ఏమన్నడు?" అంది సకీనా గొంతు తగ్గించి. "బీడీ తాగితె ఏమైతదన్నడు?"

"కొత్తగ ఏసిన నరం మూసుకపోతదన్నడు. కాలు నల్లగయితదన్నడు."

"మరి తాగనియ్యి."

శారమ్మ చేతులు ఆగాయి.

"నేనేం జెప్తున్ననో నీకు సమజైతుంది" అంది సకీనా. "ఆడు అడుగుతుండు. నువ్వు ఇయ్యద్దంటున్నవ్, తన్నులు తింటున్నవ్. ఇయ్యి. దిండు కింద రెండు కట్టలు పెట్టు. ఆనికి ఖుషీ, నీకు ఆరాం. కాలు పోతె ఆని తప్పే గాని నీది గాదు. మంచంల ఉన్న మొగడు మల్ల గంత దూరం నడిసొచ్చి కొట్టడు గదా."

"నోరు మూయి సకీనా. పాపం."

"పాపమా?" సకీనా దుపట్టా కట్టు మీదికి ఊరిన రక్తాన్ని వేలితో చూపింది. "మరి గిదేంది?"

పొద్దు వాలేదాకా ఇద్దరూ చుట్టారు. పోయేటప్పుడు శారమ్మ తన చాటలోంచి ఒక కట్ట తీసి నడుము దగ్గర చీర మడతలో దోపుకుంది. సకీనా చూసి, చూడనట్టు ఆకులు సర్దుకుంది.

ఇంటికి పోయి ఉప్పునీళ్లు కాచి, జయరాజ్ పాదానికి కట్టు విప్పింది. వేళ్లు తీసేసిన చోట పుండు అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. చీము లేదు, వాసన లేదు. గుడ్డతో అద్ది, కొత్త కట్టు కట్టేముందు, రోజూ చేసేట్టే రెండు వేళ్లు పాదం పైభాగాన పెట్టి ఊపిరి బిగబట్టింది. హైదరాబాదు నుంచి పంపేటప్పుడు డాక్టరే ఆమె వేళ్లు పట్టుకుని అక్కడ ఆనించాడు. కుడికాలి నరం తీసి ఎడమ తొడలో అతికారు. దానిలోంచి రక్తం కిందిదాకా పారుతోందంటే ఇక్కడ నాడి కొట్టుకోవాలి, ఇది కొట్టుకున్నంత కాలం కాలు ఉన్నట్టే అన్నాడు. వేళ్ల కింద నాడి టకటకమని తగిలింది.

"ఏమంటుంది?" అన్నాడు జయరాజ్.

"కొట్టుకుంటుంది."

"కొట్టుకోక ఏం జేస్తది!" పొద్దుటి నుంచీ అతను హుషారుగా ఉన్నాడు. "కాలొచ్చింది ఇగ. నేను పడ్డనాడు ఎవలెవలు ఎట్ల మాట్లాడిండ్రో అన్నీ నాకు ఎర్కే. నా జాగల ట్రాక్టర్ తోలుతుండు గదా ఆ దేవన్నగాడు, ముందుగాల ఆని తాన్నుంచి నా బండి గుంజుకుంట. తర్వాత నీ లెక్క సూస్త." ఆమె జడ చేతికి చుట్టుకుని మెల్లగా లాగాడు. నవ్వుతూనే లాగాడు. ఆమె తల వెనక్కి వంగి మెడ నరాలు తేలాయి. "తెల్లారంగ ఇయ్యలే. ఇప్పుడు ఇస్తవా?"

కట్ట ఆమె నడుముకు గుచ్చుకుంటోంది. చెయ్యి అటే పోయింది కూడా. సాయవ్వ రొట్టె పళ్లెంతో లోపలికి రావడంతో జయరాజ్ జడ వదిలాడు. శారమ్మ చెయ్యి దించుకుంది.

* * *

హైదరాబాదులో కోసిన డాక్టరే నెలకోసారి నిజామాబాదుకు వచ్చి, కంఠేశ్వర్‌లో ఒక చిన్న దవాఖానలో పాత రోగులను చూస్తాడు. ఆదివారం ఇద్దరూ ఎర్రబస్సు ఎక్కారు. జయరాజ్ కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చుంటే శారమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. బీడీల కట్ట ఇంకా నడుములోనే ఉంది. రెండు రోజులుగా అటు ఇవ్వలేదు, ఇటు తీసి చాటలో పెట్టలేదు.

డాక్టరు పాదం పట్టుకుని నాడి చూశాడు. తొడ లోపలివైపు, తోలు కిందుగా సాగిన నరం వెంట వేలు నడిపించాడు. గదిలో అటు చివరిదాకా నడిచి రమ్మన్నాడు. జయరాజ్ చంకకర్ర వదిలి నడిచాడు.

"శభాష్" అన్నాడు డాక్టరు. "స్నానం ఎవరు చేయిస్తున్నరు?"

"నేనే సార్" అంది శారమ్మ.

"దొడ్డికి?"

"నేనే పట్టుకపోత."

"బట్టలు? అన్నం? కట్టు?"

"అన్నీ నేనే."

డాక్టరు కలం కింద పెట్టాడు. "చూడమ్మా, నేను నరం అతికిన. రక్తం పారుతున్నది. నా పని అయింది. కానీ ఇట్ల ఆపరేషన్ మంచిగయిన వాళ్లను సగం మందిని ఇంట్ల ఆడవాళ్లే కూచోబెట్టి పాడు చేస్తరు. తన స్నానం తను చెయ్యాలె, తన కట్టు తను కట్టుకోవాలె, పొయ్యి దాకా నడిచి తన పళ్లెం తను తెచ్చుకోవాలె. అప్పుడే మనిషి బాగయినట్టు. కాలు ఉండి మంచంల ఉంటే ఏం లాభం? ఒకటే జాగ్రత్త, బాసింపట్టు వేసి కూచోవద్దు, తొడ లోపల ఒత్తిడి పడొద్దు."

"ఎట్ల చేస్తడు సార్, మొగోడు..." అనబోయింది శారమ్మ.

"చేస్తడు. నువ్వు చెయ్యకపోతే చేస్తడు." అంతలో అతని చూపు ఆమె నుదుటి కట్టు మీద పడింది. "ఇదేంది?"

"బోరింగు కాడ జారి పడ్డది సార్" అన్నాడు జయరాజ్.

డాక్టరు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నేల చూసింది. "టీటీ ఇంజెక్షన్ వేయించుకో" అని, చీటీ మీద ఒక ముక్క రాసి బయటి రోగిని పిలవబోయాడు.

"సార్" అంది శారమ్మ. అంతకు ముందెప్పుడూ ఆయన్ని ఆమె ఏదీ అడగలేదు. "బీడీ తాగితే?"

జయరాజ్ మెడ గిర్రున తిరిగింది.

"తాగితే నరం మూసుకపోతది. మూసుకపోతే మోకాలి పైన కోసేస్తం. ఇగ ఆ తర్వాత కూచోబెట్టినా, పండబెట్టినా నువ్వే. ఇరవై ఏండ్లు బతికితే ఇరవై ఏండ్లు మొయ్యాలె."

"తాగకపోతే? కాలు ఉంటే?"

"ఉంటే ఇంకేంది, ఎవ్వరితో పనిలేదు. నీతో గూడ పనిలేదు" అని డాక్టరు నవ్వాడు. జయరాజ్ కూడా నవ్వాడు. శారమ్మ నవ్వలేదు.

బయటికొచ్చాక జయరాజ్ పక్క గోడ దాకా ఒంటరిగా నడిచిపోయాడు. అతను గోడ వైపు తిరిగి నిలబడడం, ఒక చేత్తో ఇటుక పట్టుకోవడం, తన లుంగీ తనే సర్దుకోవడం ఆమె దవాఖాన మెట్టు మీద నుంచి చూసింది. పడలేదు. ఆటోలు, స్కూటర్లు ఆమె పక్కనుంచి పోతున్నాయి. శారమ్మ నడుములోని కట్ట తీసి, దారం కూడా విప్పకుండా మోరీలో వేసింది. నల్లనీళ్లలో కట్ట ఒక్క మునక వేసి, తేలి, కొట్టుకుపోయింది.

* * *

మర్నాటి నుంచి శారమ్మ మంచం దగ్గరికి నీళ్లు తేలేదు.

బోరింగు పక్కన స్టూలు వేసింది. బకెట్టు నింపి పెట్టింది. సబ్బు, తువ్వాల, చెంబు చేతికందేట్టు పెట్టింది. "రా, పోసుకో" అని దూరం జరిగింది. జయరాజ్ ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, తర్వాత నడిచొచ్చి చెంబు తీసి విసిరాడు. అది ఆమె దవడకు తగిలి పెదవి చిట్లింది. శారమ్మ నెత్తురు ఉమ్మి, చెంబు తీసి కడిగి మళ్లీ బకెట్టు పక్కన పెట్టింది. ఎండెక్కుతుంటే ఒంటి జిడ్డు తానే భరించలేక అతను పోసుకున్నాడు.

అన్నం పొయ్యి దగ్గరే ఉంచింది. "కాళ్లు మొక్కి తెచ్చి పెట్టవే" అని సాయవ్వ కోడలి మీద విరుచుకుపడింది. తనే తేబోతే శారమ్మ పళ్లెం మీద చెయ్యి వేసింది. "డాక్టరు వద్దన్నడత్తా. నీ కొడుకు బాగుపడుడు నీకు అక్కెరలేదా?" ముసలామె పళ్లెం వదిలేసింది. జయరాజ్ వచ్చాడు. పొయ్యి లోని కొరకంచు లాగి శారమ్మ వీపు మీద వేశాడు. జాకెట్టు కాలి చర్మానికి అతుక్కుంది. ఆ తర్వాత పళ్లెంలో తనే పెట్టుకుని, పొయ్యి పక్కనే నిలబడి తిన్నాడు. ఆ రోజులన్నీ అలాగే గడిచాయి. తిట్టి చేశాడు, కొట్టి చేశాడు. కొట్టడానికి నడిచినంత దూరం పనికి కూడా నడిచాడు. ఒంటి మీద కొత్త దెబ్బ లేని పూట శారమ్మకు లేదు. సకీనా అరుగు మీద వీపుకు వెన్న రాయించుకుంటూ ఆమె పళ్లు బిగించి బీడీలు చుట్టేది.

కట్టు కట్టుకోవడం నేర్పడానికే ఎక్కువ కష్టమైంది. తన పుండును తను చూసుకోలేకపోయేవాడు. మొహం తిప్పుకునేవాడు. "తడి ఉండద్దు. సందుల పత్తి పెట్టు. గట్టిగ గుంజకు, రక్తం ఆగుతది" అని వాచిన పెదవులతో చెప్పేది. ఒకనాడు అతని చెయ్యి పట్టుకుని రెండు వేళ్లు పాదం మీద ఆనించింది.

"ఏం లేదు" అన్నాడు.

"ఉంది. గట్టిగ ఒత్తకు. ఊకె ఆనించు."

అతను కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి అతని నుదుటి ముడి విడిపోయింది. "కొట్టుకుంటుందే!" అన్నాడు. వేళ్లు తీయకుండా ఆమె వైపు చూశాడు. ఆ చూపులో పొగరు లేదు. క్లచ్ తొక్కే ఈ కాలు పోతే ఎలా బతకాలని దవాఖాన మంచం మీద వణికిన మనిషే అక్కడ ఉన్నాడు. అంతలోనే అతను చెయ్యి చాపాడు. "గింత మంచిగైంది గదా, ఒక్క బీడీ ఇయ్యరాదే."

ఆమె లేచి పోయింది.

శనివారం కార్ఖానాలో మాలు అప్పజెప్పి, ఆకుల మూటతో తిరిగొస్తే గడపలోనే పొగ వాసన కొట్టింది. జయరాజ్ మంచం మీద గోడకు ఆనుకుని బీడీ పీలుస్తున్నాడు. సాయవ్వ కొంగులో అగ్గిపెట్టె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "ఒక్కటే బిడ్డా" అంది కోడల్ని చూసి. "మొగోడు ఎన్నొద్దులని ఉంటడు? దుకాణంల నేనే తెచ్చిన."

శారమ్మ మూట కింద పడేసింది. రెండంగల్లో మంచం దగ్గరికి పోయి, చెయ్యి వెనక్కి లాగి అతని మూతి మీద కొట్టింది. బీడీ నిప్పురవ్వలతో ఎగిరి గోడకు తగిలింది. దాన్ని కాలి కింద వేసి నలిపింది. అరికాలు చురుక్కుమన్నా ఆపలేదు.

మొగుడి మీద ఆమె చెయ్యి లేవడం ఆ ఇంట్లో అదే మొదలు. జయరాజ్‌కు అది అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత అతను లేచాడు. ఆమె గొంతు రెండు చేతులతో పట్టి గోడకు అదిమాడు. తల గోడకు తగిలి మట్టి పెళ్ల రాలింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ కొట్టాడు. "సంపుత లంజా, ఇయ్యాల సంపుత" అన్నాడు. బొటనవేళ్లు గొంతులోకి దిగాయి. "వద్దురా, సస్తది, ఇడువురా" అంటోంది సాయవ్వ, దగ్గరికి మాత్రం రావడం లేదు. శారమ్మకు గది చీకటిపడుతున్నట్టు అయింది. ఆమె గోళ్లు అతని చేతులను గీరాయి, జారాయి. జారిన చెయ్యి అతని తొడకు తగిలింది. వేళ్లకు ఆ చోటు తెలుసు. లుంగీ బట్ట మీంచే తొడ లోపలివైపు, తోలు కింద కొట్టుకుంటున్న నరాన్ని పట్టుకుంది. ఉన్న బలమంతా వేళ్లలోకి తెచ్చి పిసికింది.

జయరాజ్ కేక పెట్టాడు. ఆమె వదల్లేదు. అతని చేతులు సడలాయి. కాలు కిందికి కుంగింది. అతను మంచం పట్టెను తాకి కింద పడ్డాడు. ఆమె వేళ్లు వదలకుండానే అతనితో పాటు మోకాళ్ల మీద పడింది.

"ఇడువే... కాలు... కాలు సల్లగైతుంది... తల్లీ, ఇడువే!"

ఇంకొంచెం పిసికితే చాలు. సకీనా చెప్పిన రెండు కట్టలూ అక్కర్లేదు, దుకాణం బీడీ అక్కర్లేదు. శారమ్మ అతని మొహం చూసింది. తెల్లగా పాలిపోయిన ఆ మొహంలో చెమట కారుతోంది. కళ్లలో దవాఖాననాటి భయం తిరిగొచ్చింది. ఆ భయం మంచంలో పడుకుని ఉండగా తను వంగి డబ్బా పెట్టడం, తుడవడం, ఆ మంచానికీ పొయ్యికీ నడుమ తన జుట్టు నెరవడం ఆమెకు కనిపించాయి.

చెయ్యి వదిలేసింది.

తర్వాత, ఊపిరి ఇంకా సరిగా ఆడకముందే, అతని పాదం దగ్గరికి పాకి రెండు వేళ్లు ఆనించింది. చర్మం చల్లగా ఉంది. ఏమీ తగల్లేదు. వేళ్లు జరిపింది. ఆమె పెదవులు కదిలాయి. ప్రార్థనే కావచ్చు. సన్నగా, ఎక్కడో లోతుగా ఒక దెబ్బ తగిలింది. ఇంకోటి. ఆ తర్వాత వరసగా, బలంగా కొట్టుకోసాగింది.

"ఉంది" అంది. గొంతు రాచుకుపోయి మాట గాలిలా వచ్చింది. "బీడీ ముట్టకు. ముడితె కాలు పోతది. కాలు పోతె నేను ఈడనే సావాలె."

జయరాజ్ మోచేత్తో కళ్లు కప్పుకుని ఏడ్చాడు. ఆ సాయంత్రం సాయవ్వ వాడంతా చెప్పుకుంది. మొగని కాలు కోసం మొగని మీదనే చెయ్యి లేపింది నా కోడలు, గసొంటి పెండ్లాం ఎవలికి దొరుకుతదని చెప్పింది. తను తెచ్చిన బీడీ సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత జయరాజ్ బీడీ అడగలేదు. ఆమె మీద చెయ్యి కూడా లేవలేదు. అయితే ఆమె దగ్గరగా వచ్చినప్పుడల్లా అరచెయ్యి తొడ మీదికి పోయేది. కళ్లు మాత్రం ఆమె మెడనే చూసేవి. కాలు ఇంకా గట్టిపడనీ అని ఎదురుచూస్తున్న చూపు అది. ఆ చూపు శారమ్మకు తెలుసు.

"ఇగ మంచిగైండంటున్నరు. కొడ్తలేడట గదా" అంది సకీనా.

శారమ్మ బీడీ మొన మడిచి దారం చుట్టింది. గొంతు మీద వేళ్ల గుర్తులు పచ్చబడుతున్నాయి. "నువ్వు అడిగినవు జూడు, ఎందుకు నిలవెట్టినవని. మంచంల ఉన్నోన్ని ఇడిసిపోనీకె నాకు పానం ఒప్పది సకీనా. నా అవ్వ నన్ను గట్ల కనలేదు. కాలు పోతె నేను ఆన్ని ఇడువలేను. సచ్చేదాక ఇడువలేను. అందుకే ఆ కాలు ఉండాలె."

సకీనా చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది.

"నిజామాబాదుల మీ అక్క సాలేహా ఇంటి పక్కన అర్ర ఖాళీ ఉందన్నవు గదా" అంది శారమ్మ. "ఉందా, ఇచ్చేసిండ్రా?"

"ఉంది" అంది సకీనా. ఆమె కళ్లు నిండాయి. "ఉందక్కా. బీడీలు సుట్టే చేతికి ఏ ఊరైతేంది."

* * *

జయరాజ్ ఒకనాడు పొద్దున దేవన్న ఇంటికి నడిచిపోయి, చెరుకు ట్రాక్టర్ ఎక్కి, ఫ్యాక్టరీ రోడ్డు దాకా నడిపి వచ్చాడు. గుమ్మంలోంచే అరిచాడు. "క్లచ్ తొక్కిన! జరంత గూడ నొయ్యలే!" సాయవ్వ స్తోత్రం చెప్పింది. శారమ్మ, "కిందికి దిగేటప్పుడు నొచ్చిందా?" అని అడిగింది. లేదన్నాడు. "పుండు తడిసిందా?" లేదన్నాడు.

మర్నాడు అతను బోరింగు దగ్గర స్నానం చేశాడు, కట్టు కట్టుకున్నాడు, పొయ్యి దగ్గర రొట్టె తిని పళ్లెం కడిగి బోర్లించాడు. కర్ర తీసుకుని చౌరస్తా వైపు పోయాడు. శారమ్మ రెండు చీరలు, కత్తెర, ఆకు కొలిచి కోసే రేకు, చాట ఒక సంచిలో పెట్టుకుంది. చాట పట్టక సగం బయటికే ఉండిపోయింది.

"ఎటే?" అంది వాకిట్లో సాయవ్వ.

"నిజామాబాదు."

"పొద్దుమీకే వరకు వస్తవా?"

"రానత్తా. ఇగ రాను."

ముసలామెకు ఆ మాట దిగడానికి కొంతసేపు పట్టింది. దిగాక ఆమె వేసిన కేక గల్లీ చివర ఉన్న శారమ్మకు వినబడింది. ఆమె వెనక్కి తిరగలేదు.

బస్సు అప్పటికే సగం నిండింది. శారమ్మకు కిటికీ సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుంది. డ్రైవరు చాయ్ తాగి ఎక్కి ఇంజన్ మొదలుపెట్టాక, బస్టాండు గేటు వైపు నుంచి జయరాజ్ వస్తూ కనిపించాడు. ఎవరో చెప్పి ఉంటారు. పరుగు కాదు గాని పరుగుకు దగ్గరగానే వస్తున్నాడు. కర్ర చేతిలో ఊగుతోంది, నేలకు తగలడం లేదు. అంత దూరం అతను ఇప్పటిదాకా నడవలేదు. కిటికీ కిందికి వచ్చి ఊచ పట్టుకున్నాడు. ఛాతీ ఎగిసిపడుతోంది.

"దిగు."

శారమ్మ అతని కాలు వైపు చూసింది. "పిక్క పట్టిందా?"

"నా పిక్క సంగతి నీకెందుకే? దిగుమన్న." కర్ర పైకి లేచింది. బస్సులోని ఆడవాళ్లు కొందరు లేచి నిలబడ్డారు. కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒక మరాఠీ ముసలామె చెయ్యి కిటికీకి అడ్డం పెట్టి, అతని కళ్లలోకి చూసింది. కర్ర కాసేపు అలాగే ఉండి, దిగింది. అతని గొంతు మారింది.

"నన్ను ఇడిసిపోతవా? నాకెవలు చేస్తరే?"

"గింత దూరం నడిసే వచ్చినవ్ గదా" అంది శారమ్మ.

కండక్టర్ తలుపు మీద చరిచి రైట్ అన్నాడు. బస్సు కదిలింది. అతను ఊచను పట్టుకునే నాలుగడుగులు పక్కన నడిచి, వదిలేశాడు.

గేటు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం ఉండి బస్సు ఆగింది. శారమ్మ వెనక్కి చూసింది. జయరాజ్ అక్కడే కొంచెంసేపు నిలబడి, తర్వాత ఇంటి వైపు తిరిగాడు. అలవాటు కొద్దీ ఆమె కళ్లు అతని ఎడమ పాదం మీదికే పోయాయి. మడమ ముందు మోపుతున్నాడు, తర్వాత పాదం. సరిగానే వేస్తున్నాడు. ట్రాక్టర్లు తప్పుకున్నాయి. శారమ్మ మొహం ముందుకు తిప్పుకుంది.